అమ్మ చేతికి కట్టిన తాడు

బాన్‌బరీ
1934 మార్చి

డోర్కస్ అక్కకు,

నేను హెస్టీని. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ఉత్తరం నాప్టన్ లాకుల దగ్గర కొట్టుకు పంపుతున్నాను. మీ పడవ అటుగా వచ్చినప్పుడు కొట్టామె నీ చేతిలో పెడుతుంది. ఎప్పుడు పెడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

అసలు సంగతి రాస్తాను. పోయిన వారం అమ్మ బాన్‌బరీ దాటి వెళ్ళిపోయింది. ఆగలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆమె తన పడవ 'స్కైలార్క్'ను తానే నడుపుకుంటూ, బొగ్గు వేసుకుని ఆక్స్‌ఫర్డ్‌కు పోయే ప్రతిసారీ మా రేవులో పడవ కట్టేది. మా వంటింట్లో కూర్చుని టీ తాగి, మా ఆయన విల్ఫ్రెడ్ విత్తనాల కొట్టు మీద నాలుగు విసుర్లు విసిరితే గాని కదిలేది కాదు. అలాంటి మనిషి ఈసారి తలుపు కూడా తట్టలేదు. పక్కింటి పార్జెటరమ్మ చెబితే తెలిసింది నాకు.

"మీ అమ్మగారు కొత్త మనిషిని పెట్టుకున్నట్టున్నారే?" అంది ఆవిడ, బట్టలు ఆరేస్తూ ఏమీ ఎరగనట్టు.

"ఎవరు?" అన్నాను.

"ఏమోనమ్మా, గట్టు మీద పడవను లాగే గుర్రం పక్కన నడుస్తున్నాడు. తెల్ల గడ్డం. 'బాగున్నారా' అని పలకరిస్తే ఉలుకూ పలుకూ లేదు. పైగా నా నోటికేసి గుచ్చి గుచ్చి చూశాడు. ఒళ్ళు జలదరించింది."

అక్కా, ఎవరితను? అమ్మకు సొంత పడవ ఉంది, సొంత గుర్రం ఉంది. కంపెనీ పడవలు నడిపేవాళ్ళకు లేని ఆస్తి అది. ఒంటరి ముసలమ్మ దగ్గరికి ఊరూ పేరూ తెలియని మగవాడు ఎందుకు చేరతాడో నేను వేరే చెప్పక్కర్లేదు. నువ్వు ఎదురుపడితే బాగా చూసి రాయి. బావకు నా నమస్కారాలు.

నీ చెల్లెలు
హెస్టర్


హాక్స్‌బరీ బొగ్గు రేవు
ఏప్రిల్ మొదట్లో

హెస్టీకి,

నీ ఉత్తరం అందింది. చేతులు చల్లటి తాళ్ళకు పగిలి ఉన్నాయి, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. మిషను బడిలో మనం కూర్చున్నది రెండు చలికాలాలే కదా, అవి కూడా నీకు అబ్బినట్టు నాకు అబ్బలేదు.

అమ్మ నాకు హిల్‌మోర్టన్ దగ్గర ఎదురైంది. రెండు పడవలు ఒకదాన్నొకటి దాటేంతసేపే కదా మాకు మాటలు. నువ్వు మర్చిపోయి ఉండవు. చుక్కాని దగ్గర నిలబడి ఉంది, ఎప్పటిలాగే నల్ల టోపీ పెట్టుకుని. నేను చెయ్యి ఊపాను. చూడనట్టే ఉంది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"అమ్మా! ఏం, కూతుర్ని గుర్తుపట్టలేదా?" అని అరిచాను.

అప్పుడు ఇటు తిరిగింది. "గుర్తుపట్టకేం? ఆ గొంతు ఈ కాలవ మొత్తానికీ ఒకటే."

"ఆ ముందు నడిచేదెవరు?"

"జేబెజ్ ఓర్టన్."

"ఎవరు పెట్టుకోమన్నారు?"

"నా పడవకు నేనే యజమానిని. ఒకళ్ళు పెట్టుకోమనేదేంటి, వద్దనేదేంటి!"

అంతే, దాటిపోయింది. ఆ జేబెజ్‌ని నేనూ చూశాను. నేను పలకరిస్తే పలకలేదు, నా మొహంకేసి కన్నార్పకుండా చూశాడు. పార్జెటరమ్మ చెప్పింది నిజమే. ఇంకొకటి. పొయ్యి గొట్టానికున్న ఇత్తడి పట్టీలు మసిబారి ఉన్నాయి. మన అమ్మ ఇత్తడి! ఆదివారం ప్రార్థన మానుతుంది గాని ఇత్తడి తోమడం మానే మనిషేనా?

మీ బావ ఏంబ్రోస్‌ని అడిగాను. ఆ జేబెజ్ ఒకప్పుడు కాలువ సొరంగంలో పడవల్ని లాగే ఆవిరి పడవ మీద పని చేసేవాడట. తర్వాత ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నాకూ బాగా లేదు, హెస్టీ. ఈసారి ఒకచోట పడవలు పక్కపక్కన కట్టేలా చూసి, లోపలికి వెళ్ళి కూర్చుని అన్నీ అడుగుతాను.

డోర్కస్


బాన్‌బరీ
ఏప్రిల్ చివర

అక్కా,

నాకు నిద్ర పట్టడం లేదు. రేవులో పడవలు బాగుచేసే వడ్రంగి ఐజాక్ ఉన్నాడు కదా, నిన్న విల్ఫ్రెడ్ కొట్టుకు వచ్చి ఒక మాట చెప్పి పోయాడు. వద్దు వద్దనుకుంటూనే చెప్పాడట.

"అయ్యా, మీ అత్తగారి చేతికి తాడు కట్టి ఉంది. మణికట్టుకు. ఆ రెండో కొస ముందు నడిచేవాడి చేతికుంది. వాడు ఒక్కసారి గుంజాడు, ఈవిడ చుక్కాని తిప్పింది. పశువును తోలినట్టు తోలుతున్నాడయ్యా."

చదివావా? తాడు, అక్కా! మన అమ్మ చేతికి! ఒకరు చెబితే వినే మనిషి కాదే ఆమె! నాన్న మాటే ఏనాడూ చెల్లనివ్వలేదు. అలాంటిదాన్ని ఏం చెప్పి బెదిరించి ఉంటాడు వాడు?

ఐజాక్ ఇంకొకటి చూశాడు. పడవ గది తలుపు తీసి ఉందట. లోపల గోడకు వేలాడే జాలీ అంచుల పింగాణీ పళ్ళాలు ఒక్కటీ లేవట. గోడ బోసిగా ఉందట. అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన పళ్ళాలు అవి. వాటి మీద చెయ్యి వేస్తేనే మనకు వీపు చిట్లేది. ఇప్పుడు ఏ ఊరి సంతలో అమ్ముకున్నాడో వాడు!

విల్ఫ్రెడ్ కాలువ ఆఫీసులో చెబుతానంటున్నాడు. చర్చిలో ఆయన మాటకు విలువుంది, ఆ అధికారి కూడా మా చర్చికే వస్తాడు. నేనే ఆపాను, నువ్వు చూసి వచ్చి రాసేవరకూ ఆగుదామని. తొందరగా రాయి.

హెస్టీ


బ్రాన్‌స్టన్
మే

హెస్టీకి,

అమ్మ పడవలో కూర్చుని టీ తాగి వచ్చాను. బాగానే ఉంది. కాస్త చిక్కింది, అంతే. జేబెజ్ మంచివాడే. ఎక్కువ మాట్లాడడు. నువ్వు కంగారు పడకు. మరిది గారిని ఏ ఆఫీసుకూ వెళ్ళనివ్వకు.

ఇక్కడ లాకు తలుపు ఒకటి ఊడిపోయి పడవలన్నీ వరసగా ఆగిపోయాయి. పిల్లలకు ఆట విడుపు. మా చిన్నదానికి పన్ను ఊడింది.

డోర్కస్


బాన్‌బరీ
మే చివర

అక్కకు,

నీ ఉత్తరం చదివాను. తిప్పి తిప్పి చదివాను. నేను అడిగింది ఏమిటి, నువ్వు రాసింది ఏమిటి? తాడు గురించి ఒక్క ముక్క లేదు. పళ్ళాల గురించి లేదు. అమ్మ బాన్‌బరీలో ఎందుకు ఆగలేదో లేదు. 'మంచివాడే' అట! హిల్‌మోర్టన్‌లో ఒళ్ళు మండిపోయిన నీకు ఒక్క టీ తాగేసరికి వాడు మంచివాడైపోయాడా?

నేను ఊరికే కూర్చోలేదు. మొన్న మీ ఏంబ్రోస్ తమ్ముడి పడవ ఇక్కడ ఆగితే ఆయన భార్యను లోపలికి పిలిచి టీ ఇచ్చాను. కబుర్ల మధ్య ఆమె నోరు జారింది. "మా తోడికోడలు గది ఎంత బాగుందో! గోడ నిండా అంచుల పళ్ళాలే!" అంది.

అవి ఎవరి పళ్ళాలు అక్కా?

ఇప్పుడు నాకు కొన్ని అర్థమవుతున్నాయి. ఏంబ్రోస్ బావ ఎప్పటికీ కంపెనీ పడవ మీద కూలివాడే. సొంత పడవ కావాలని ఆయనకు ఎన్నాళ్ళ నుంచో ఆశ. ఆ జేబెజ్‌ని అమ్మ దగ్గర పెట్టింది మీరే కాదని ఎలా నమ్మను? పళ్ళాలు నీకు, పడవ బావకు, వాడికి వాటా. పడవ దిగి గట్టు మీద బతుకుతున్నదాన్ని, నాకేం తెలుస్తుందిలే అనుకున్నావా?

నా అనుమానం తప్పని నువ్వు చూపించు. చూపించకపోతే విల్ఫ్రెడ్‌ని ఇక నేను ఆపను.

హెస్టర్


హాక్స్‌బరీ
జూన్

హెస్టర్‌కి,

నీ ఉత్తరం ఏంబ్రోస్‌కి చదివి వినిపించలేదు. వినిపించి ఉంటే ఆయన బాన్‌బరీ వచ్చి మీ కొట్టు గుమ్మంలో నిలబడి అరిచేవాడు. నీ పరువు కాపాడాననుకో.

పళ్ళాలు అమ్మే ఇచ్చింది. తన చేత్తో తీసి, పాత దుప్పటి ముక్కల్లో చుట్టి, నా ఒళ్ళో పెట్టింది. ఎందుకిచ్చిందో నేను చెప్పకూడదు. చెప్పనని మాటిచ్చాను. నువ్వు అడిగినవాటన్నిటికీ ఒకటే జవాబు ఉంది, అది నా నోట్లో ఉంది, ఇంకెప్పటికీ నోట్లోనే ఉంటుంది.

నువ్వు నన్ను అడిగావు కదా, నేనూ ఒకటి అడుగుతాను. నీకు అమ్మ మీద బెంగా, లేక పడవల మీద పుట్టినదానివని చర్చిలో ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటారనా? అమ్మను పడవ దించి, మీ చర్చి ఆడవాళ్ళలా మెడకు తెల్ల పట్టీ కట్టి, మీ ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టాలని నీకు ఎప్పటి నుంచో ఉంది. ఆమె ఆ కుర్చీలో ఎన్నాళ్ళు బతుకుతుందో ఆలోచించావా?

ఒక్కటే బతిమాలుతున్నాను. అధికారులను ఇందులోకి తీసుకురాకు. జేబెజ్‌ని కదిలించకు. నన్ను దొంగ అను, ఏమైనా అను. వాడిని మాత్రం కదిలించకు.

ఈ ఉత్తరం దిగువకు వెళ్ళే పడవలో ఇచ్చాను. ఎప్పుడు చేరుతుందో.

డోర్కస్


బాన్‌బరీ
జూన్

అక్కకు,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఇక నేను ఎదురుచూడలేదు.

పని అయిపోయింది. విల్ఫ్రెడ్ చెప్పిన వెంటనే ఆఫీసు మనిషి ఒకరు, పోలీసు ఒకరు నాప్టన్ లాకుల పైన అమ్మ పడవను ఆపారు. ఆ జేబెజ్‌ని "నువ్వెవరు, ఈమె దగ్గర ఏం పని" అని అడిగితే నోరు మెదపలేదట. ఎన్నిసార్లు అడిగినా వాళ్ళ మొహాల్లోకి చూస్తూ నిలబడ్డాడట. తప్పు చేయనివాడు మాట్లాడడా? చేతికున్న తాడు విప్పించి, పడవల దగ్గర మళ్ళీ కనబడితే లోపల వేస్తామని బెదిరించి పంపేశారు.

అమ్మ మాత్రం వాళ్ళను నానా మాటలు అందట. అనుకున్నదే. రేపు అక్కడికి వేరే మనిషి వెళ్ళి పడవ తీసుకొస్తాడు. అమ్మ కోసం నేను బండి పంపుతున్నాను. ముందు గది కడిగించాను. కిటికీ దగ్గర కుర్చీ వేశాను. కాలువ కనిపిస్తుంది అక్కడి నుంచి.

నేను చేసింది నీకు నచ్చదని తెలుసు. ఎందుకు నచ్చదో కూడా తెలుసనుకుంటున్నాను.

హెస్టర్


హాక్స్‌బరీ
వెంటనే

హెస్టీ,

ఇది రైల్లో పార్సిల్ గుమాస్తా చేతికిచ్చి పంపుతున్నాను. అందగానే కదులు.

నాప్టన్ నుంచి వచ్చిన పడవవాళ్ళు జరిగింది చెప్పారు. ఇచ్చిన మాట ఇప్పుడు తప్పుతున్నాను. దేవుడు నన్ను క్షమించినా అమ్మ క్షమించదు.

అమ్మకు కళ్ళు కనిపించవు. వెలుగూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుంది. ఆ రోజు నేను పడవలోకి వెళ్ళినప్పుడు టీ పోస్తూ కప్పు అంచును వేలితో తడుముకుంది. వేడి టీ వేలి మీద పడ్డా చెయ్యి తీయలేదు. నేను చూశానని ఊపిరి చప్పుడును బట్టి కనిపెట్టింది. "హెస్టీకి చెప్పావంటే మళ్ళీ నా పడవ ఎక్కొద్దు. గుడ్డిదాన్ని ఏ లాకులోకీ రానివ్వరు. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చంపుతుంది" అంది. పళ్ళాలు తగిలి పగులుతాయని నాకిచ్చేసింది. మీ రేవులో ఆగితే నువ్వు మెట్ల మీదే కనిపెట్టేస్తావని ఆగలేదు.

జేబెజ్‌కి వినిపించదు. సొరంగంలో ఆవిరి యంత్రం పక్కన ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకుంటాడు, అందుకే అందరి నోళ్ళకేసి చూస్తాడు. పోలీసు మీసాల వెనక ఏం మాట్లాడాడో అతనికెలా తెలుస్తుంది? ఆమె అరిస్తే అతనికి వినపడదు, అతను సైగ చేస్తే ఆమెకు కనపడదు. అందుకే ఆ తాడు. ఒక్క గుంజు అంటే ఆగు. రెండంటే పద. పొడుగ్గా లాగితే ఎదురుగా పడవ వస్తోందని. వాళ్ళిద్దరూ కలిసి కట్టుకున్న తాడు అది.

అమ్మ నీ బండి కోసం కూర్చోదు. ఆమె నీకు తెలియదా? గుర్రాన్ని కట్టి ఈపాటికి బయల్దేరి ఉంటుంది. ఒంటరిగా. నేను ఇంత దూరంలో ఉన్నాను, అందుకోలేను. నువ్వు పో.

డోర్కస్


ఆక్స్‌ఫర్డ్, స్కైలార్క్ పడవ మీద
జూలై

అక్కా,

ఇన్ని రోజులకు రాస్తున్నాను. ముందు ఇది విను, అమ్మ క్షేమం. ఇప్పుడు నా పక్కనే కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. "ఏం రాస్తున్నావ్? నా మీద చాడీలేనా?" అంటోంది.

నీ ఉత్తరం అందేసరికి విల్ఫ్రెడ్ కొట్లో ఉన్నాడు. చెప్పడానికి కూడా ఆగలేదు. చర్చికి వేసుకునే బూట్లతోనే రైలెక్కి ఫెన్నీ కాంప్టన్‌లో దిగాను. అక్కడి నుంచి కాలువగట్టు పట్టుకుని నాప్టన్ వైపు నడిచాను. అక్కడ కాలువ ఎలా మెలికలు తిరుగుతుందో నీకు చెప్పక్కర్లేదు. పూర్వం తవ్వినవాళ్ళు కొండను తవ్వే ఖర్చు మిగుల్చుకోవడానికి దాని చుట్టూ తిప్పారని నాన్న తిట్టేవాడు. ఒక్క పొలంలో ఇంటిని నాలుగు వైపుల నుంచీ చూశాను. నడుస్తున్నానో నిలబడ్డానో అర్థం కాలేదు. దేవుడా, దేవుడా అనుకుంటూ పరిగెత్తాను.

ఒక మలుపు తిరిగాక పచ్చిక మీద అమ్మ గుర్రం బాన్నీ కనిపించింది. చెవులు రిక్కించుకుని, తల ఊపుకుంటూ, పక్కన మనిషి లేకుండా తన పాటికి తాను వస్తోంది. దాని వెనక తాడు, దాని వెనక పడవ, చివరన నల్ల టోపీ. ఎంత తిన్నగా వస్తోందంటే, చూసినవాళ్ళెవరూ చుక్కాని పట్టుకున్నది గుడ్డిదని అనుకోరు.

నాకూ ఆ గుర్రానికీ మధ్య రైతులు పొలాలకు దాటే ఎత్తుడు వంతెన ఉంది. పడవకు దారి లేకుండా కిందికి దించి ఉంది. ఎవరో ఆవుల్ని దాటించి, మళ్ళీ ఎత్తకుండా పోయారు. బరువు పడవ గుద్దుకుంటే ఎలా ఉంటుందో మనిద్దరికీ తెలుసు. చుక్కాని దగ్గర నిలబడ్డ మనిషి ఎగిరి నీళ్ళలో పడుతుంది.

"అమ్మా, ఆపు! వంతెన!" అని అరిచాను. గాలి ఎదురుగా ఉంది. ఆమెకు చేరలేదు. చేరినా, బొగ్గు పడవ అక్కడికక్కడ ఆగుతుందా? వంతెన దాటి ఆవలి వైపుకు ఉరికాను. వంతెనను పైకెత్తే బరువు దూలం ఆ వైపే ఉంటుంది కదా. దాన్ని పట్టుకుని వేలాడాను. కదల్లేదు. కాళ్ళు పైకి ముడిచి, కడుపుతో దాని మీద పడి వేలాడాను. అప్పుడు మూలిగింది. నెమ్మదిగా వంగింది. వంతెన లేచింది. దూలం మీద కూర్చున్నాను. లేస్తే వంతెన పడుతుంది. ఊపిరి బిగబట్టి అలాగే కూర్చున్నాను.

గుర్రం అవతలి గట్టున దాటిపోయింది. పడవ ముక్కు దాటింది, బొగ్గు కుప్ప దాటుతోంది. అమ్మ దగ్గరకొచ్చింది. తల తిప్పింది.

"ఎవరే దూలం మీద? కిర్రుమంటోంది. చాలినంత బరువు లేదు. గట్టు మనిషివా?"

దూలాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నోరు లేదా? నా దగ్గరున్నవాడికి చెవుల్లేవు, నీకు నోరు లేదా?"

"నేనమ్మా," అన్నాను. "హెస్టీని."

పడవ ఆగదు కదా, ఆమె నన్ను దాటుతూ ఉంది. నేను చెయ్యి చాపితే అందేంత దగ్గరగా దాటింది. దాటి ముందుకు పోయాక, వెనక్కి తిరగకుండానే అంది.

"నాప్టన్‌లో నా కళ్ళు దింపేశారే. దింపించింది నువ్వటగా?"

దూలం వదిలి, వంతెన దాటి, గట్టు వెంట పరిగెత్తి గుర్రాన్ని పట్టుకున్నాను. పడవ ఆగాక ఎక్కాను. అమ్మ అంతసేపూ చుక్కానిని ఎంత గట్టిగా పట్టుకుందో, వేళ్ళు విప్పడానికి నేను సాయం పట్టాల్సి వచ్చింది. అయినా నోరు తగ్గలేదు.

"బండి పంపుతావా నాకు? శవాన్ని పంపినట్టు!"

"తప్పయింది అమ్మా."

"తప్పేంటి, నువ్వు చూసింది చూశావు. చేతికి తాడు కట్టిన మగవాడిని చూస్తే నేనైనా పోలీసును పిలుస్తాను." ఆ తర్వాత, "వాడు ఎక్కడున్నాడో? తిన్నాడో లేదో?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పటి నుంచి ఆ తాడు నా చేతికి ఉంది. విల్ఫ్రెడ్‌కి కబురు పంపాను. లబోదిబోమన్నాడట. తర్వాత తానే ఆఫీసుకు వెళ్ళి, పొరపాటు పడ్డామని, ఆ మనిషి మంచివాడేనని అందరి ముందూ చెప్పి తల దించుకుని వచ్చాడట. అమ్మ కళ్ళ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పొద్దన్నాను.

నేను తాడు తప్పుగా గుంజుతుంటాను. అమ్మ తిడుతుంటుంది. మలుపులు ఆమెకు నేను చెప్పక్కర్లేదు, నీళ్ళ చప్పుడు మారగానే తెలిసిపోతుంది. ఆమె అడిగేవి వేరే. "ఆ పోయే పడవ వాళ్ళ ఇత్తడి మెరుస్తోందా? మనదానికంటేనా?" అంటుంది. నిన్నంతా నేను ఇత్తడి తోముతూనే కూర్చున్నాను.

ఉత్తరంలో నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను. వెళ్ళిపోయాయి. నువ్వు జేబెజ్‌ని వెతికి పెట్టు అక్కా. ఎలాగైనా.

హెస్టీ


బ్రాన్‌స్టన్
ఆగస్టు

హెస్టీకి,

దొరికాడు. సొరంగం నోటి దగ్గర, ఇప్పుడు పనికిరాకుండా కట్టేసిన ఆవిరి పడవ ఒకటి ఉంది. దానిలోనే పడుకుంటున్నాడు. కమ్మరి దగ్గర బొగ్గు మోసి రొట్టె తింటున్నాడు. బాగా చిక్కిపోయాడు.

నన్ను చూసి లేచి వెళ్ళిపోబోయాడు. వెనక నుంచి పిలిచినా వినపడదు కదా. ముందుకెళ్ళి నిలబడి "అమ్మ రమ్మంటోంది" అన్నాను. నోటికేసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. భయపడ్డాడు పాపం. పోలీసు మళ్ళీ వస్తాడని చేతులతో చూపించాడు. ఏంబ్రోస్ బతిమాలాడు. వినలేదు. అప్పుడు నాకు తోచింది. అతని మణికట్టు పట్టుకుని రెండుసార్లు గుంజాను. పద అని.

హెస్టీ, ఆ ముసలాయన అక్కడే, ఆ మసి నేల మీద కూర్చుని ఏడ్చాడు. తర్వాత లేచి తన టోపీ తీసుకున్నాడు.

మా పడవలో తీసుకొస్తున్నాను. బాన్‌బరీలో కలుద్దాం. నువ్వన్న మాటలు నాకు గుర్తున్నాయి, నేనన్నవి నీకూ గుర్తుంటాయి. మొహాలు చూసుకున్నాక ఏదో ఒకటి అవుతుంది. పళ్ళాలు నా గోడకు బాగున్నాయి. తిరిగి ఇవ్వను.

డోర్కస్


బాన్‌బరీ
అక్టోబరు

అక్కకు,

మీరు అటు వెళ్ళిన దగ్గర్నుంచి ఇల్లు బోసిగా ఉంది. రేవులో మనమంతా కూర్చుని తిన్న ఆ వేయించిన మాంసం వాసన మా వంటింట్లో ఇంకా పోలేదని విల్ఫ్రెడ్ అంటాడు. ఫిర్యాదు కాదు. ఆనందంగానే అంటున్నాడు.

ఇక్కడ మాత్రం అనుమానాలు ఆగలేదు. ఈసారి అందరి కళ్ళూ నా మీద. పార్జెటరమ్మ నిన్న గోడ మీదుగా అడిగింది.

"పోలీసు పట్టుకుపోయినవాడినే మళ్ళీ పెట్టుకున్నారటగా మీ అమ్మగారు? ఆ తాడేంటమ్మా, ఆ చోద్యం?"

"అది పడవలవాళ్ళ పద్ధతండీ," అన్నాను.

"ఇంతకుముందెప్పుడూ చూడలేదే?"

"మీరు చూడనివి చాలా ఉంటాయి," అన్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు. మీ అబద్ధాన్ని తిట్టిపోసినదాన్ని నేనే.

అమ్మను పోయినసారి వెళ్ళేటప్పుడు అడిగాను, జనం నోళ్ళు మూయించడానికి జేబెజ్‌ని పెళ్ళి చేసుకోరాదా అని. పగలబడి నవ్వింది. "చేసుకుంటానే. నేనెంత తిట్టినా వాడికి వినపడదు, వాడెంత వికారంగా ఉన్నా నాకు కనపడదు. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?" అంది. నిజంగా అందో, వేళాకోళానికి అందో నాకు తెలియలేదు. జేబెజ్ మాత్రం ఆమె పెదవులకేసే చూస్తున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఇవాళ పొద్దున వాళ్ళు ఆక్స్‌ఫర్డ్‌కు దిగిపోతూ మా ఇంటి వెనక దాటారు. బొగ్గు తొందరగా చేర్చాలట, ఆగరని ముందే కబురు వచ్చింది. నేను పెరట్లో నిలబడ్డాను. పార్జెటరమ్మ తన పెరట్లో ఉల్లికాడలు కోసే వంకతో నిలబడి ఉంది. అంతా చూడాలి కదా ఆవిడకు.

పడవ వచ్చింది. ఇత్తడి ధగధగా మెరుస్తోంది. జేబెజ్ ముందు నడుస్తూ నాకు టోపీ ఎత్తాడు. అమ్మ చుక్కాని దగ్గర నిటారుగా నిలబడి, నవ్వుతూ చెయ్యి ఎత్తి ఊపింది.

నాకు కాదు. పార్జెటరమ్మ పెరటి వైపు. ఒక్క ఇల్లు తప్పింది.

ఆవిడ కత్తి పట్టుకుని అలాగే ఆగిపోయింది. అమ్మకేసి, నాకేసి చూసింది. ఏదో అర్థమవబోతున్నట్టు నోరు తెరిచింది. నేను ఆలోచించలేదు అక్కా. లంగా ఎత్తి పట్టుకుని ఆ పిట్టగోడ దూకాను. ఆవిడ ఉల్లికాడల మడిలో, బురదలో, సరిగ్గా అమ్మ చెయ్యి చూపించిన చోట వెళ్ళి నిలబడ్డాను. రెండు చేతులూ ఊపాను.

"అమ్మా! అమ్మా, ఇక్కడ!"

"ఆ అరుపులేంటే పొద్దున్నే," అంది అమ్మ, చెయ్యి దించకుండా. "కనపడుతూనే ఉన్నావుగా."

హెస్టీ